దొరవారి పథ్యం

ఇల్లందు బస్టాండు నుంచి బొగ్గుబాయి గేటు దాకా ఉన్న రోడ్డు మీద, ముత్యాలమ్మ టిఫిన్ బండిని ఖాళీ కడుపుతో దాటిపోయిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఒకవేళ పుట్టి ఉంటే వాడు అడవిలోంచి చుట్టు తిరిగి పోయి ఉంటాడు.

"చాలమ్మా" అన్నవాడి ప్లేటులో ఇంకో రెండు ఇడ్లీలు పడతాయి. "కడుపు నిండింది" అన్నవాడికి ఇడ్లీలతో పాటు చీవాట్లు కూడా పడతాయి.

"నిండిందో లేదో నీకేం ఎర్క? నీ మొఖం జూస్తే నాకెర్క. తిను!"

బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు ఏడాది తిరక్కుండానే తన చొక్కాలన్నీ తమ్ముళ్ళకు పంచిపెట్టాడు. బండి దగ్గర మోటారు సైకిలు ఆపి దారి అడిగిన పాపానికి ఒక మందుల కంపెనీ కుర్రవాడు నాలుగు దోసెలు తిని, తాను ఎక్కడికి బయలుదేరాడో మర్చిపోయి తిరిగి ఖమ్మం బస్సెక్కాడు. నమ్మకపోతే పక్కన పాన్ డబ్బా వాడిని అడగండి. వాడు కూడా నమ్మలేదు, కానీ కళ్ళారా చూశాడు.

అటువంటి ముత్యాలమ్మ సొంత ఇంట్లో, ఒక ప్రాణి తిండి మానేసి మూల కూర్చుంది.

ఆ ప్రాణి పేరు దొర. తెల్ల కుందేలు. ఖమ్మంలో నర్సు పని చేసే కూతురు మహిమ ముచ్చటపడి కొనుక్కుంది. ఆమె ఉండే హాస్టలు వార్డెను మనుషులనే ఊపిరి పీల్చుకోనివ్వదు, కుందేలును ఉండనిస్తుందా? అందుకని అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చి తల్లి ఒళ్ళో దించి, "అమ్మా, పైలం" అని పోయింది. తెల్లగా ఉంటుంది, పూచికపుల్ల పని చెయ్యదు, కూర్చున్న చోటికే అన్నీ రావాలి, ఎవరైనా ముట్టుకుంటే ముక్కు ఎగరేస్తుంది. ఈ లక్షణాలన్నీ చూసి దొర అని పేరు పెట్టింది ముత్యాలమ్మ భర్త ఏసయ్య. బాయి పని చేసి రిటైరైన మనిషి. ఆ ఇంట్లో ఆయన మాట చెల్లిన సందర్భం అదొక్కటే.

దొర భోజనం దొర భోజనంలాగే ఉండేది. పొద్దున వేడి ఇడ్లీ, తర్వాత పాలలో ముంచిన బ్రెడ్డు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం చాయ్ వేళకు బిస్కెట్లు. ఒకసారి ఏసయ్య, "కుందేలు గడ్డి తింటది గదనే" అని నోరు జారాడు.

ముత్యాలమ్మ గరిటె పట్టుకుని అటు తిరిగింది. "నా ఇంటికొచ్చిన బిడ్డకు గడ్డి పెట్టాల్నా? గడ్డి దినుడు అంటే ఏందో ఎర్కేనా నీకు? తిట్టు అది! మనిషి తప్పు జేస్తే అంటరు గడ్డి తిన్నవా అని. వీడేం తప్పు జేసిండు?"

ఏసయ్య ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

అలా మేపగా మేపగా ఒకనాడు దొర ఇడ్లీ వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. బ్రెడ్డు పెడితే వెనక్కి జరిగాడు. చెవులు రెండూ వీపుకు అంటించుకుని, ఒళ్ళు ముడుచుకుని బీరువా కింద దూరాడు. నాలుగు రోజులు గడిచేసరికి వీపు నిమిరితే బొచ్చు కింద వెన్నుపూసలు ఒక్కొక్కటే చేతికి తగలసాగాయి.

ముత్యాలమ్మకు చిక్కిపోతున్నాడన్న బాధ ఒక పక్క. తన చేతి తిండి వద్దన్న మొదటి ప్రాణి వాడన్న అవమానం ఇంకో పక్క. ఉప్మాలో నెయ్యి పోసి పెట్టింది. నెయ్యిలో ఉప్మా వేసి పెట్టింది. కిరస్తానం ఇల్లు, దిష్టి గిష్టి నమ్మరు. అయినా కిటికీ మూసి ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు ఏసయ్య దగ్గలేక వీధిలోకి పరుగెత్తాడు. దొర మాత్రం కదల్లేదు.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే సమయానికి ముత్యాలమ్మ లేచి నిలబడింది.

"మా దొరకు ముద్ద దిగుతలేదు. పానం పోయేటట్టున్నది. అందరు జెర ప్రార్థన జేయుండ్రి" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అసలు ఇబ్బంది అక్కడ మొదలైంది.

ఆ వాడలో ఒక ఆచారం ఉంది. ఎవరికైనా బాగాలేదని తెలిస్తే పోయి చూడాలి. ఒట్టి చేతులతో పోకూడదు. బ్రెడ్డు ప్యాకెట్టో, బిస్కెట్టు పొట్లమో, అరటిపళ్ళో పట్టుకుపోవాలి. తీసుకుపోయింది అక్కడ పెట్టి రావడం కాదు, రోగి నోట్లో ఒక్క ముక్క అయినా తమ చేత్తో పెట్టి, "తిను బిడ్డా, తింటేనే బలం" అనాలి. అలా అనకుండా వస్తే చూసి వచ్చినట్టే లెక్క కాదు. ఇక ముత్యాలమ్మ చేతి ఇడ్లీ తినని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు కదా! చర్చి ఆడవాళ్ళు వచ్చారు. బాయి పనివాళ్ళు షిఫ్టు దిగి, మొహం కూడా కడుక్కోకుండా వచ్చారు. ఇంటి ముందు చెప్పులు చూసి, లోపల ఏదో జరిగిందనుకుని తెలియనివాళ్ళు కూడా బ్రెడ్డు కొనుక్కుని లోపలికి వచ్చారు. వరసగా బీరువా ముందు వంగుని దొర మూతికి బ్రెడ్డు ఆనించారు. కుందేలుకు ప్రార్థన చెయ్యవచ్చా అని ఒకావిడకు సందేహం వస్తే, నోవహు ఓడలో ఎక్కింది మనుషులేనా అని ఇంకొకావిడ నోరు మూయించింది. ఆ వాదన అయ్యేలోపు దొర మూతికి నాలుగు బిస్కెట్లు ఆనాయి.

మొహమాటానికో ఏమో దొర ఒకటి రెండు కొరికాడు. మర్నాటికి అది కూడా మానేశాడు. పెంటికలు వెయ్యడం కూడా ఆగిపోయింది.

బండి దగ్గర రోజూ దోసె తినే ఆటో పూల్‌సింగ్ ఇంటికొచ్చి, బీరువా కిందికి తొంగి చూసి తల ఊపాడు.

"అక్కా, గిట్లనే అయితే దొర కూరకు గూడ పనికిరాడు."

ముత్యాలమ్మ విసిరిన చెంబు పూల్‌సింగ్ చెవి పక్కనుంచి పోయి వీధిలో దొర్లింది.

"నవ్వనీకన్న అక్కా! లే, ఆటో ఎక్కు. జల్దీ. పశువుల దవాఖానాకు పోదం."

పశువుల డాక్టరు రామ్‌చందర్ నెమ్మదస్తుడు. దొరను బల్ల మీద పెట్టి పళ్ళు చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, చెవి పెట్టి విన్నాడు.

"పండ్లు మంచిగనే ఉన్నయి. కడుపు ఆగిపోయింది. ఏం పెడుతున్నరమ్మా?"

ముత్యాలమ్మ గర్వంగా మొత్తం చెప్పింది. ఇడ్లీ దగ్గర మొదలుపెట్టి నెయ్యి ఉప్మా దాకా వచ్చేసరికి డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, ఇది కుందేలు. పెండ్లికొచ్చిన చుట్టం కాదు. దీని కడుపు నడవాలంటే పీచు కావాలె. గడ్డి. ఎండుగడ్డి ఎంత తింటే అంత. గరిక, ఇంత కొత్తిమీర. నీళ్ళు. గంతే. బ్రెడ్డు, బిస్కెట్, అన్నం, పాలు, తీపి అన్నీ బంద్."

"గడ్డా?" అంది ముత్యాలమ్మ. ఆ గొంతు విని పక్కన కట్టేసిన గేదె కూడా ఇటు తిరిగింది.

"అవ్, గడ్డే. గీ సూదిమందు ఇస్త. దానంతట అది తినేదాకా గడ్డిని మెత్తగ జేసి, సూది లేని సిరంజితో మూతి పక్కనుంచి జెర జెర పట్టియ్యిండ్రి. వారానికోసారి బరువు చూడుండ్రి. ఇంకో మాట. తప్పుడు తిండి మళ్ళ ఒక్కపారి కడుపులవడ్డా, నా దగ్గరికి తేవుడు దండుగ."

ఆటోలో తిరిగి వచ్చేటప్పుడు ముత్యాలమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె మాట్లాడకుండా అంత దూరం ప్రయాణం చెయ్యడం చూసి పూల్‌సింగ్ భయపడి ఆటో మెల్లగా నడిపాడు.

మర్నాటి నుంచి ఇంటి డాబా మీద పాత చీర పరిచి గరిక ఎండబెట్టసాగింది. "ఏం వడియాలక్కా?" అని అడిగినవాళ్ళ వైపు వీపు తిప్పి గరికను తిరగేసింది. ఎండిన గడ్డిని నీళ్ళలో నానబెట్టి, చట్నీ చేసే మిక్సీలోనే వేసి తిప్పింది. ఆ వారమంతా బండి దగ్గర కొబ్బరి చట్నీ కొంచెం పచ్చగా ఉందనీ, బాయి పనివాళ్ళకు మునుపటి కంటే హుషారు పెరిగిందనీ ఒక మాట పుట్టింది. అది అబద్ధమే అయ్యుంటుంది. మిక్సీ గిన్నె ఆమె బాగానే కడిగింది.

సిరంజి పట్టుకుని దొరను తువ్వాలలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే, ఏసయ్య తల పట్టుకునేవాడు. మొదట్లో సగం గడ్డి దొర లోపలికి, సగం ఏసయ్య బనియను మీదికి పోయేది. మూడో రోజు పొద్దున బీరువా కింద ఊడవబోయిన ముత్యాలమ్మ కేక వేసింది. ఏసయ్య గుండె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"చూడయ్యా! చూడు! మిరియాల లెక్క ఉన్నయి!"

నేల మీద గుండ్రంగా, గట్టిగా, నల్లగా అయిదారు పెంటికలు. ఆ ఊళ్ళో పదో తరగతి ఫలితాలకు కూడా అంత సంబరం జరగలేదు. ముత్యాలమ్మ ఎదురింటికి, పక్కింటికి పోయి చెప్పి, బండి దగ్గర ఇడ్లీ తింటున్నవాళ్ళకు కూడా చెప్పింది. ఒకరిద్దరు ప్లేటు పక్కన పెట్టేశారు.

బరువు చూడటం ఇంకో తంతు. పిల్లల బరువు చూసే కాంటా అంగన్‌వాడీలో ఉంది కానీ, కుందేలుకైతే ఇవ్వం అన్నారు. గ్రాములు సరిగ్గా చూపే కాంటా దగ్గరలో ఉన్నది జంపక్క చికెన్ సెంటర్లోనే. కోళ్ళ గంపల పక్కన దొర ప్లాస్టిక్ తట్టలో కూర్చుంటే, వరసలో నిలబడినవాళ్ళ కళ్ళన్నీ తట్ట మీదే.

"జంపక్కా, గీ తెల్లది కిలో ఎట్ల?" అన్నాడు ఒకడు.

"నీ నాలికె కిలో ఎట్లనో ముందు చెప్పు, తర్వాత చెప్త" అంది ముత్యాలమ్మ.

జంపక్క కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి కాంటా చూసింది. "ఏం పెరగలేదు చెల్లె. తగ్గలేదు గూడ. ఆగింది."

"ఆగింది" అన్న మాటకు ముత్యాలమ్మ దేవుడికి స్తోత్రం చెప్పి, కళ్ళు తుడుచుకుంది. కానీ డాక్టరు చెప్పింది మర్చిపోలేదు. సిరంజితో పట్టిస్తే ప్రాణం నిలుస్తుంది. ఒళ్ళు రావాలంటే వాడంతట వాడు తినాలి. పక్కన కట్టగట్టి పెట్టిన ఎండుగరిక వైపు దొర ముక్కైనా తిప్పడం లేదు.

ఇంతలో చూడవచ్చేవాళ్ళు ఆగితే కదా! గుమ్మంలోకి వచ్చిన మనిషికి తిండి పెట్టకుండా పంపని ముత్యాలమ్మ, ఇప్పుడు తిండి పట్టుకొచ్చిన మనుషులను గుమ్మంలోనే ఆపాల్సి వచ్చింది. "దొర పండుకున్నడు" అనేది. "ఇప్పుడే ప్రార్థన అయింది" అనేది. ఏసయ్యను గుమ్మానికి కాపలా పెట్టింది. ఆయన బ్రెడ్డు ప్యాకెట్లన్నీ మర్యాదగా అందుకుని, దొర నోట్లో పడకుండా తానే ఒడుపుగా చూసుకున్నాడు. వారం తిరిగేసరికి ఏసయ్య షుగరు మూడు వందలు దాటింది. ఇంట్లో పథ్యం చెయ్యాల్సినవాళ్ళు ఇద్దరయ్యారు.

ఎవరు వచ్చినా ఏదో ఒకటి చెప్పి పంపింది కానీ, ఒక సాయంత్రం సుబ్బరత్నం వచ్చింది.

సుబ్బరత్నం వాళ్ళది మధిర వైపు రైతు కుటుంబం. ఎరువుల దుకాణం పెట్టుకుని చాలా ఏళ్ళ కిందట ఇటు వచ్చి స్థిరపడ్డారు. ముత్యాలమ్మకూ ఆమెకూ మాటలు పోయి రెండేళ్ళు దాటింది. కారణం వాళ్ళ అబ్బాయి పెళ్ళి భోజనం. ఆ రోజు సుబ్బరత్నం స్వయంగా వడ్డిస్తే, ముత్యాలమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "కడుపు నిండింది" అని లేచి చెయ్యి కడుక్కుంది. ఆ మాట ఎవరన్నా ఒప్పుకోని మనిషి, తానే ఆ మాట అంది. లోకం మొత్తాన్ని మేపుతుంది గానీ ఇంకొకళ్ళ చేతి వంట ఆమెకు గొంతు దిగదు. ఎక్కడ తిన్నా ఉప్పు తక్కువో కారం ఎక్కువో కనిపిస్తుంది. సుబ్బరత్నానికి అది ఉప్పు సంగతిగా తోచలేదు. తన పందిట్లో, నలుగురిలో, ఆకు మీంచి లేచిపోయిందన్నదే మనసులో ఉండిపోయింది.

కానీ రోగం వచ్చిందంటే పగ పక్కన పెట్టి పోవాలి. అది కూడా ఆచారమే. అందుకే సుబ్బరత్నం వచ్చింది. అందరిలాగా బ్రెడ్డు తేలేదు. చిన్న స్టీలు డబ్బా నిండా సున్నుండలు తెచ్చింది. మినపపిండి, బెల్లం, నెయ్యి. మూత తియ్యగానే ఇంట్లో నెయ్యి వాసన గుప్పుమంది. ఏసయ్యకు కాపలా సంగతి మరుపుకొచ్చి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

"పశువైతే మాత్రం ఏంటి, నోరులేని ప్రాణి. వినగానే మనసు ఆగలేదు" అంది సుబ్బరత్నం, ముత్యాలమ్మ మొహం చూడకుండా గోడకు చెప్పినట్టు.

"కూసో వదినె" అంది ముత్యాలమ్మ. రెండేళ్ళ తర్వాత మొదటి మాట. "డాక్టరు తీపి పెట్టొద్దన్నడు…"

సుబ్బరత్నం మొహం ముడుచుకుంది. "ఊరందరి బ్రెడ్డు ముక్కలకు లేని డాక్టరు నా చేతి సున్నుండకు వచ్చాడా? తెలుసులే. నా చేతిది నీకెప్పుడూ ఆనదు. ఇప్పుడు నీ కుందేలుకు కూడానా?"

అని అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక సున్నుండ చిదిమి, ఇంత ముక్క బీరువా కిందికి చాపింది.

అప్పుడు జరిగింది ఎవరూ అనుకోనిది. రెండు వారాలుగా దేనికీ కదలని దొర ముక్కు కదిపాడు. మీసాలు ఆడాయి. ఒక అడుగు ముందుకు వచ్చాడు. ఇంకో అడుగు. మెడ చాచి, ఆ ముక్క వాసన చూసి, నోరు తెరిచాడు.

తిననీ అంది ముత్యాలమ్మ మనసు. ఏదైతేనేం, వాడంతట వాడు నోరు తెరిచాడు కదా! ఆ ఒక్క నోరు తెరుచుకోవడం కోసమే కదా ఇన్నాళ్ళూ ఏడ్చింది! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెరిచిన నోటికి అడ్డం పోయిన చెయ్యి కాదు ఆమెది. వద్దని పక్కకు నెడితే సుబ్బరత్నం ఈ జన్మకు ఈ గుమ్మం తొక్కదు. నెట్టకపోతే, డాక్టరు చెప్పిన మాట ఉంది.

ముత్యాలమ్మ సుబ్బరత్నం మణికట్టు పట్టుకుని గుంజి, ఆ ముక్కను తన నోట్లో వేసుకుంది.

ఏసయ్య నోరు తెరిచాడు. సుబ్బరత్నం కూడా నోరు తెరిచింది. తెరిచిన నోళ్ళలో దొరదే ముందు మూసుకుంది.

"ఏంటే ఇది?"

"మ్…" అంది ముత్యాలమ్మ. సున్నుండ అంగిట్లో అతుక్కుపోయింది.

సుబ్బరత్నం ఇంకో ముక్క చిదిమి చాపింది. ముత్యాలమ్మ అదీ లాక్కుని తినేసింది. చిదమడం ఎందుకని ఏకంగా డబ్బానే ఒళ్ళోకి లాక్కుంది. డబ్బా బయట ఉన్నంతసేపూ దొరకు గండమే. ఒకటి అయింది, రెండోది అయింది. మూడోది సగంలో ఉండగా పొలమారి కళ్ళు తేలేసింది. సుబ్బరత్నం లేచి నెత్తి మీద గట్టిగా చరిచింది. పొలమారినందుకు చరిచిందో, పెళ్ళి నాటి కసికి చరిచిందో చెప్పడం కష్టం. చరిచిన చప్పుడు మాత్రం పక్కింట్లో కూడా వినపడింది. ఏసయ్య నీళ్ళ చెంబు అందించాడు.

"మెల్లగా తినవే! నేనేమన్నా లాక్కుంటున్నానా?" అంది సుబ్బరత్నం. గొంతు ఎందుకో మెత్తబడింది. "ఆ రోజు ఆకు మీంచి లేచిపోయినదానివి… నిజంగానే బాగున్నాయా?"

ముత్యాలమ్మ ఆగింది. బెల్లం ఒక పలుకు ఎక్కువైందని నాలుక కొసన ఉంది. నెయ్యి ఇంకొంచెం కాగి ఉండాల్సిందని కూడా ఉంది. ఏసయ్య గోడకు ఆనుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఇంకోటి ఉన్నది గద, ఇటియ్యి" అంది ముత్యాలమ్మ.

సుబ్బరత్నం మళ్ళీ కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటకే అయ్యుంటుంది, ఫ్యాను తిరగడం లేదు. ముత్యాలమ్మ ఆ చివరిది కూడా మింగి, నీళ్ళు తాగి, ఆ తర్వాత నెమ్మదిగా డాక్టరు చెప్పిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. కడుపు ఆగిపోయిన సంగతి, సిరంజి సంగతి, మిరియాల సంగతి అన్నీ.

"అయితే గడ్డి పెడుతున్నావా బిడ్డకి?" సుబ్బరత్నం ముక్కు మీద వేలేసుకుంది.

"ఏం జేయాలె వదినె! నా నోటితోని నేను గడ్డి తిను నాయినా అని బతిమిలాడుతున్న. బతికిన బతుకుల గిట్లాంటి మాట అనలే."

"ఇదా? డాబా మీద ఎండేసిందా?" సుబ్బరత్నం కట్టలోంచి ఒక పరక తీసి వాసన చూసింది. "మాడిపోయింది ఇది. వాసనే లేదు. ఇది నేను కూడా తినను. మా చేను గట్టున లేత గరిక ఉంది, నీడన ఆరబెట్టి తెస్తాను."

"నీడన ఆరబెడితే బూజు పడుతది."

"పడదు."

"పడుతది!"

వాళ్ళు పడుతుందో పడదో తేల్చుకునేలోపు, సున్నుండ వాసనకు బయటికి వచ్చిన దొర, ఆ వాసన ఎటు పోయిందా అని నేలంతా మూతితో వెతికాడు. వెతుకుతూ వెతుకుతూ సుబ్బరత్నం ఒళ్ళో చెయ్యి దగ్గరికి వచ్చాడు. ఆమె వేళ్ళ మధ్య ఉన్న గరిక పరకకు ఇంకా నెయ్యి వాసన అంటుకుని ఉందేమో. కొస కొరికాడు. ఆగాడు. మళ్ళీ కొరికాడు. పరక కొంచెం కొంచెంగా లోపలికి పోసాగింది.

జంపక్క కాంటా మీద దొర మళ్ళీ పాత బరువుకు రావడానికి తర్వాత చాలా వారాలు పట్టింది. ఆ సాయంత్రం మాత్రం సుబ్బరత్నం చేతిలో ఉన్నది ఒక్క పరకే. అది అయిపోతే ఇంకోటి కట్టలోంచి ఎవరు తియ్యాలో తెలియక ఇద్దరూ బిగుసుకుపోయారు. ఏసయ్య దగ్గు వస్తే నోరు మూసుకుని ఆపుకున్నాడు. ఇల్లందులో అత్యంత గట్టి గొంతులుగా పేరున్న ఇద్దరు ఆడవాళ్ళు ఉన్న గదిలో, కరకరమని ఒక కుందేలు నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"తింటున్నాడే…" అంది సుబ్బరత్నం గుసగుసగా. "ఇంకొంచెం తినమని చెప్పు."

"చెప్పకు" అంది ముత్యాలమ్మ. "వాని కడుపు వానికెర్క."